ఎల్వుడ్ ఒక్క తప్పు మాటా అనని వేసవి

ఆ వేసవిలో మా ఆయన ఎల్వుడ్ నోరు తెరవాలంటే ముందు నా అనుమతి తీసుకునేవాడు. పెళ్లయిన కొత్తలో ఇలా ఉండుంటే మురిసిపోయేదాన్ని. అరవై దాటాక, పొద్దున్నే గుడ్లు వేయిస్తుంటే వెనక నిలబడి గొంతు సవరించుకునేసరికి ఒళ్లు మండింది.

"నొరీన్, లొరెట్టాని మోకాలు ఎలా ఉందని అడగొచ్చంటావా?"

"మోకాలు నొప్పి ఉన్న మనిషిని మోకాలు ఎలా ఉందని కాక ఇంకేం అడుగుతావు?"

"అది కాదు. ఆవిడ ఒంటి గురించి నేను మాట్లాడితే... గురువారం సభలో గ్రెచెన్ చెప్పింది కదా, నల్లవాళ్ల ఒంటి గురించి మనవాళ్లు అనాల్సినవన్నీ ఎప్పుడో అనేశారని, చరిత్రలో..."

"చరిత్రలో మోకాలెందుకొచ్చింది? గుడ్లు తిను."

తిన్నాడు. కానీ అడగలేదు. ఆ ఆదివారం లొరెట్టా కర్ర ఊతంతో మీటింగ్ హౌస్ మెట్లెక్కుతుంటే, మా ఆయన గుమ్మంలో నిలబడి ఆకాశంకేసి చూస్తూ, "ఎండ బాగా ఉంది" అన్నాడు. అప్పటికే చినుకులు పడుతున్నాయి. ఆవిడ ఆయన్ని ఎగాదిగా చూసి లోపలికి వెళ్లిపోయింది.

ఎల్వుడ్ వాళ్లది తరతరాలుగా క్వేకర్లనే క్రైస్తవ శాఖకి చెందిన కుటుంబం. ఫిలడెల్ఫియాకి గంట దూరంలో, మొక్కజొన్న చేల మధ్య వాళ్ల మీటింగ్ హౌస్. అక్కడ పాస్టరు లేడు, పాటలు లేవు, ప్రసంగాలు లేవు. ఆదివారం గంటసేపు అందరూ బెంచీల మీద నోరు మూసుకుని కూర్చుంటారు. ఎవరికైనా లోపలి నుంచి మాట తన్నుకొస్తే లేచి చెప్పి కూర్చుంటారు. ఒకరు చెప్పాక, ఆ మాట అందరి మనసుల్లోకీ దిగేదాకా ఇంకొకరు లేవకూడదు. ఎంతసేపు ఆగాలో ఎవరూ నేర్పరు. ఆ బెంచీల మీద పెరిగినవాళ్లకి దానంతటదే తెలుస్తుంది. నేను స్క్రాంటన్‌లో కేథలిక్కుల ఇంట పుట్టినదాన్ని. ఆయన పక్కన కూర్చోవడం అలవాటైంది గాని సభ్యత్వం మాత్రం పుచ్చుకోలేదు.

మీటింగ్ హౌస్, దాని వెనకున్న శ్మశానం చూసుకోవడం ఎల్వుడ్ పని. పని ఉన్నంతకాలం పక్కనున్న చిన్న రాతి ఇల్లు మాది. జీతం పేరుకే. ఇరవై ఏళ్లుగా ప్రతి సెప్టెంబరులో సభలో ఎవరో ఒకరు "ఎల్వుడ్‌నే ఇంకో ఏడాది ఉండమందాం" అనడం, అందరూ "సమ్మతం" అనడం, కాఫీకి లేవడం. మాకు ఇంకెక్కడా నీడ లేదు. ఉండాలని కూడా ఎప్పుడూ అనిపించలేదు.

ఆ ఏడాది గ్రెచెన్ సభకి పెద్ద అయింది. మనసు జబ్బులకి వైద్యం చేసి రిటైరైన మనిషి. ఎవరితో మాట్లాడినా ఎదుటివాళ్లకి జ్వరం ఉందేమో అన్నట్టు తల పక్కకి వంచి మాట్లాడుతుంది. రాగానే గురువారం సాయంత్రాలు జాతి న్యాయం మీద ఒక సభ మొదలుపెట్టింది. కుర్చీలు గుండ్రంగా వేసుకుని కూర్చునేవాళ్లు కాబట్టి నేను గుండ్రం సభ అనేదాన్ని. అందరూ తెల్లవాళ్లే. మా మీటింగ్‌లో నల్లమనిషి లొరెట్టా బాస్కమ్ ఒక్కతే. హైస్కూలు ప్రిన్సిపాల్‌గా చేసింది. పిల్లలే కాదు, వాళ్ల తల్లిదండ్రులు కూడా ఆవిడ కారు శబ్దానికి సర్దుకుని నిలబడేవాళ్లు. గుండ్రం సభకి ఒకే ఒక్కసారి వచ్చింది. అందరూ ఆవిడ వైపు తిరిగి ఏడ్చారు. మళ్లీ రాలేదు.

లొరెట్టాకి కావలసింది వేరే. మా శ్మశానానికి నడుమెత్తు రాతి గోడ ఉంది. ఆవిడ ముత్తవ్వ తరం వాళ్లు ఆ గోడకి అవతల, చేను గట్టున ఉన్నారు. వాళ్ల మీద రాళ్లు లేవు, పేర్లు లేవు. బానిసత్వం పాపమని ఊరూరా చెప్పి వచ్చిన ఆనాటి మీటింగ్ పెద్దలు, చచ్చిపోయిన నల్లవాళ్లని మాత్రం గోడ లోపల పడుకోనివ్వలేదు. ఎల్వుడ్ లోపల గడ్డి కోసినప్పుడల్లా గోడ అవతల కూడా కోసేవాడు. ఎవరూ చెప్పలేదు, ఎవరినీ అడగలేదు. అలా లొరెట్టాతో స్నేహం కుదిరింది. ఆవిడ మడత కుర్చీ తెచ్చుకుని గోడ పక్కన కూర్చుని అజమాయిషీ చేసేది.

"ఏంటయ్యా ఆ కోత? మా మనవడు అద్దం లేకుండా చేసుకున్న క్షవరంలా ఉంది."

"నువ్వొచ్చి కొయ్యి మరి. నీ చెత్తబండి ఎక్కడ ఆపావు? మళ్లీ నా పూలమొక్కల మీదేనా?"

వాళ్లిద్దరి కేకలు నా వంటింట్లోకి వినిపించేవి. ఆ వేసవిలో వినిపించలేదు. ఆవిడ కారు మలుపు తిరగ్గానే మా ఆయన కోత యంత్రం మోతకి పెట్టుకునే చెవి మూతలు తగిలించుకుని, కోసిన చోటే మళ్లీ కోసేవాడు. ఆవిడ కాసేపు కూర్చుని, కుర్చీ మడుచుకుని వెళ్లిపోయేది.

జూలైలో ఒక గురువారం నేను నిమ్మరసం పట్టుకెళ్లాను. విన్‌స్లో అని రిటైరైన ప్రొఫెసరు మాట్లాడుతున్నాడు. సూపర్ మార్కెట్లో ఒక నల్లకుర్రాడు పక్కన నిలబడితే తన చెయ్యి పర్సు మీదికి వెళ్లిందట. చెప్పి, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. అందరూ "చెప్పినందుకు కృతజ్ఞతలు, విన్‌స్లో" అన్నారు. ఆయన వారం వారం ఇలాంటిదొకటి తెచ్చేవాడు. అన్ని పాపాలు చేయడానికి ఆయనకి తీరిక ఎక్కడిదో నాకు అర్థమయ్యేది కాదు.

మా ఆయన వంతు వచ్చింది. చెవులు ఎర్రబడ్డాయి. "నేను... వింటున్నాను" అన్నాడు.

గ్రెచెన్ తల వంచింది. "వినడం మంచిదే ఎల్వుడ్. కానీ ప్రతి వారం వింటూనే ఉన్నావు. మౌనం కూడా ఒక్కోసారి దెబ్బే. ఈ స్థలం తాళాలు నీ దగ్గరున్నాయి కదా, ఆ తాళాలు పట్టుకున్న మనిషి మనసు ఎక్కడుందో అందరికీ తెలియాలి. సెప్టెంబరు ఎంతో దూరం లేదు."

ప్రేమగానే అంది.

మర్నాటి నుంచి మా వంటిల్లు బడి అయింది. ఆయన ఆదివారం మౌనంలో లేచి చెప్పడానికి ఒక మాట తయారుచేసుకున్నాడు. నాకు అప్పజెప్పేవాడు. గడ్డి కోస్తూ పెదాలు కదిలించేవాడు, గడ్డం గీసుకుంటూ గొణిగేవాడు.

"నేను తెల్లవాణ్ని. అడగకుండానే నాకు దక్కినవి చాలా ఉన్నాయి. వాటి వెనక ఎవరి నష్టం ఉందో నేను చూడలేదు. చూడటం నేర్చుకుంటున్నాను."

"బాగానే ఉంది."

"'నేర్చుకుంటున్నాను' అంటే గొప్పలు పోతున్నట్టుంటుందా? 'నేర్చుకోవాలి' అననా?"

"ఎల్వుడ్, ఆ బంగాళదుంపల తొక్క తియ్యి."

"నిన్ను లొరెట్టా అనుకుని ఒకసారి చెప్తాను, ఊఁ?"

అనుకోమన్నాను. నా వైపు తిరిగాడు. నుదుటి మీద చెమటలు పట్టాయి. చేతిలో దుంప జారి కింద పడింది. పాతికేళ్లు పక్కన పడుకున్న నా ముఖం చూసి, లొరెట్టా అనుకునేసరికి ఆయనకి మాట రాలేదు. అప్పుడు నాకు జాలి వేయలేదు. చిరాకు వేసింది, ఆ పైన భయం వేసింది.

ఆగస్టులో ఒక ఆదివారం. కిటికీలన్నీ తెరిచినా గాలి లేదు. మౌనం సగం గడిచాక లొరెట్టా కర్ర చప్పుడైంది. ఆవిడ సభలో లేచి మాట్లాడటం అరుదు. బెంచీ వీపు పట్టుకుని నిలబడింది.

"మా ముత్తవ్వ పేరు హెస్టర్. మీరు కూర్చున్న ఈ బెంచీలు తుడిచిన మనిషి. ఆ గోడకి అవతల ఉంది. చిన్నప్పుడు మా అమ్మ నన్ను అక్కడికి తీసుకెళ్లి చూపించింది. నాకు వయసైపోయింది. గుండె ఎక్కువ కాలం పనిచేయదని మొన్న డాక్టరు చెప్పాడు. ఈ సంగతి మా పిల్లలకి కూడా ఇంకా చెప్పలేదు, ముందు మీకే చెప్తున్నాను. నేను సభ్యురాలిని కాబట్టి నన్ను గోడ లోపల పెడతారు. హెస్టర్ని, మావాళ్లని అవతల వదిలేసి నేను లోపల పడుకోను. ఆ గోడ తీసేస్తే అందరం ఒక్కచోట ఉంటాం. తీయలేకపోతే నన్నూ అవతలే పెట్టండి."

కూర్చుంది. పూర్తిగా కూర్చుందో లేదో, నా పక్క బెంచీ కిర్రుమంది.

మా ఆయన లేచాడు.

కోటు అంచు పట్టుకుని లాగాను. ఆయన వదిలించుకున్నాడు. కళ్లు ఎదురుగా గోడ మీద ఉన్నాయి, గుడ్లు తేలేసినట్టు. "నేను తెల్లవాణ్ని" అన్నాడు. "అడగకుండానే నాకు దక్కినవి చాలా ఉన్నాయి..." చివరిదాకా ఒక్క అక్షరం పొల్లుపోకుండా చెప్పాడు. 'నేర్చుకోవాలి' అనే అన్నాడు. కూర్చుని, బరువు దించుకున్న కూలివాడిలా ఊపిరి వదిలాడు. అప్పుడు చుట్టూ చూశాడు. ఎవరూ ఆయన్ని చూడటం లేదు. లొరెట్టా ఒక్కతే తల తిప్పి చూస్తోంది.

ఇంటికొచ్చాక ఆయన టై విప్పుకుంటూ, "ఎలా చెప్పాను?" అన్నాడు.

"లొరెట్టా ఏం చెప్పింది?"

"చాలా... బరువైన మాట చెప్పింది."

"ఏం చెప్పింది ఎల్వుడ్?"

"వాళ్ల ముత్తవ్వ... హెస్టర్..." ఆగిపోయాడు. టై సగం మెడలోనే ఉంది. "నాది మర్చిపోతానేమోనని లోపల అనుకుంటూ ఉన్నాను. ఈ రోజు ఎలాగైనా లేవాలని..."

గుండె సంగతి నేను చెప్పాను. గోడ సంగతి చెప్పాను. కుర్చీలో కూలబడ్డాడు. కాసేపటికి, "వెళ్లి కలవాలి" అన్నాడు.

"కలువు. కారు తాళాలు అక్కడే ఉన్నాయి."

"వెళ్లి ఏమనాలి?"

"ఏమీ అనకు. వెళ్లి ఆవిడ గుమ్మంలో ఏడువు. ఆవిడే తిడుతుంది."

తాళాలు చేతిలోకి తీసుకున్నాడు కూడా. అంతలో బుద్ధి పుట్టి గ్రెచెన్‌కి ఫోన్ చేశాడు. ఇప్పుడు వెళితే ఆవిడ చేత ఓదార్పు అడుక్కున్నట్టవుతుందని, గాయపరిచింది చాలక ఆ పని కూడా ఆవిడ నెత్తిన పెట్టొద్దని గ్రెచెన్ చెప్పింది. తాళాలు మళ్లీ మేకుకి తగిలించాడు. ఆ మేకు కేసి చూస్తూ నేను ఆయన్ని అసహ్యించుకున్నాను. ఆ మాట ఇప్పుడు చెప్పడానికి నాకేం మొహమాటం లేదు.

తర్వాతి గురువారం గుండ్రం సభ ఆయన మీదే. దానికో పద్ధతి ఉందిట. ఒక్కొక్కరూ చెప్తారు, తప్పు చేసినవాడు వినాలి, జవాబివ్వకూడదు, "చెప్పినందుకు కృతజ్ఞతలు" అని మాత్రమే అనాలి. ఒకావిడ తనకి ఆ రాత్రి నిద్ర పట్టలేదంది. ఒకాయన తన తాత గుర్తొచ్చాడన్నాడు. విన్‌స్లో అయితే, "ఒక నల్లజాతి సోదరి తన మరణం గురించి చెబుతుంటే ఆ మాటని నేల మీద పడకుండానే తొక్కేశావు" అని వెక్కివెక్కి ఏడ్చాడు. మా ఆయన వరసగా కృతజ్ఞతలు చెప్పాడు. చేతులు రెండూ మోకాళ్ల మధ్య పెట్టుకుని కూర్చున్నాడు.

నేను ఉండబట్టలేక, "ఇంతకీ ఆ గోడ సంగతేంటి?" అన్నాను.

గ్రెచెన్ నావైపు తల వంచింది. "నొరీన్, ఈ రోజు సభ గోడ గురించి కాదమ్మా."

నేను మర్నాడు లొరెట్టా ఇంటికి వెళ్లాను. వరండాలో కూర్చుని చిక్కుళ్లు వలుస్తోంది. నాకూ ఒక గిన్నె తోసింది.

"నా తరఫున అందరూ ఏడుస్తున్నారట కదా?" అంది. "ఒక్కడైనా వచ్చి గుండెకి ఏం మందులు వాడుతున్నావని అడిగాడా? అడగరు. అడిగితే ఏం తప్పో అని భయం."

"ఎల్వుడ్ వద్దామనుకున్నాడు."

"అనుకునే ఉంటాడు." చిక్కుడుకాయ చటుక్కున విరిచింది. "నొరీన్, నేను వాడికేం చేశాను? వేసవంతా నన్ను చూసి కరిచే కుక్కని చూసినట్టు తప్పుకున్నాడు. ఆ మీటింగ్‌లో నాతో దెబ్బలాడే తెల్లవాడు ఒక్కడే ఉండేవాడు. వాడూ మంచివాడైపోయాడు."

"సెప్టెంబరు సభలో మా చేత ఇల్లు ఖాళీ చేయిస్తారు" అన్నాను.

"తెలుసు. వస్తాను." నా ముఖంలోకి చూసింది. "మీ మీద జాలితో కాదు. మీరు పోతే అవతల గడ్డి కోసేదెవరు? హెస్టర్ని పిచ్చిమొక్కలకి వదిలేయనా?"

క్వేకర్ల సభలో ఓట్లు ఉండవు. అందరూ సమ్మతించాలి. ఒక్కరు లేచి "నేను ఒప్పుకోను" అంటే ఆ పని ఆగిపోతుంది. ఇన్నేళ్లలో అలా ఎవరైనా అనడం నేను చూడలేదు. నేను సభ్యురాలిని కాను కాబట్టి నాకు ఆ హక్కు లేదు. వెనక బెంచీలో కూర్చున్నాను.

గ్రెచెన్ మెత్తగా చదివింది. గడ్డి కోతకి బయటి కంపెనీని పెట్టుకుంటారు. రాతి ఇంటిని మరమ్మతు చేసి, మనసు విప్పి మాట్లాడుకునేవాళ్ల కోసం, ఒకరి బాధ ఒకరు వినడం కోసం కేటాయిస్తారు. గోడ విషయం లోతైనది కాబట్టి వచ్చే ఏడాది గురువారాల్లో ఆలోచిస్తారు. ఎల్వుడ్ సేవలకి మీటింగ్ ఎంతో రుణపడి ఉంది. "మిత్రులందరికీ సమ్మతమేనా?"

లొరెట్టా లేచింది. "నాకు సమ్మతం కాదు. నేను ఒప్పుకోను."

గ్రెచెన్ కలం పక్కన పెట్టింది.

"నేను అడిగింది గోడ తీయమని. మీరు మనిషిని తీస్తున్నారు. ఈ ఎల్వుడ్ నా మాట వినలేదు, నిజమే. దాని సంగతి నేనూ వాడూ చూసుకుంటాం, మధ్యలో మీకేం పని లేదు. ఆ ఇల్లు అలాగే ఉండనివ్వండి." కర్ర నేలకి ఒకసారి తాటించి కూర్చుంది.

అంతే. అయిపోయింది. ఆ ఒక్క మాటతో నా ఇల్లు నాకు తిరిగొచ్చింది. నా పొయ్యి, నా కిటికీ, కాలికింద కదిలే ఆ మూడో మెట్టు, అన్నీ. ఏడుపొచ్చి కర్చీఫు కోసం సంచి వెతుక్కుంటున్నాను.

అప్పుడు మా ఆయన లేచాడు. ఈసారి ఆగాల్సినంతసేపు ఆగే లేచాడు. ఆ మాట అందరి మనసుల్లోకీ దిగనిచ్చాడు. తొందర లేదు, చెమట లేదు.

"లొరెట్టా ఈ భారం మోయాల్సిన అవసరం లేదు" అన్నాడు. "మన కోసం ఎప్పుడూ వాళ్లే మోస్తున్నారు. నా సుఖం కోసం ఆవిడ నిలబడితే అది నేను చేసే రెండో అన్యాయం అవుతుంది. ఆవిడని తన అభ్యంతరం వెనక్కి తీసుకోమని అడుగుతున్నాను. నాకు సమ్మతమే."

విన్‌స్లో కళ్లద్దాలు తీశాడు. గ్రెచెన్ గుండెల మీద చెయ్యి వేసుకుంది.

లొరెట్టా కూర్చున్నచోటి నుంచే, "నేను నీ సుఖం కోసం నిలబడలేదే" అంది.

"అయినా సరే" అన్నాడు ఎల్వుడ్, ఎంతో మర్యాదగా. "మీరు విశ్రాంతి తీసుకోవాలి."

ఆవిడ ఆయన్ని అలాగే చూసింది. ప్రిన్సిపాల్ గదిలో పిల్లల్ని చూసే చూపు కాదు అది. చాలా అలసిపోయిన మనిషి చూపు. "సరే" అంది. "నేను అడ్డు తప్పుకుంటున్నాను. రాసుకోండి."

గ్రెచెన్ రాసుకుంది. ఆ తర్వాత ఎప్పటిలాగే అందరూ లేచి ఒకరి చేతులు ఒకరు కలుపుకున్నారు. అందరూ మా ఆయన దగ్గరికే వచ్చారు. విన్‌స్లో కావలించుకున్నాడు. ఇంత వినయం చూడలేదంది ఒకావిడ. ఈ వేసవిలో ఆయన ఎంత దూరం నడిచాడో అంది గ్రెచెన్. మా ఆయన ముఖం విప్పారింది. ఆ వేసవిలో ఆయన నవ్వగా చూడటం అదే మొదటిసారి.

చివరగా లొరెట్టా వచ్చింది. ఎల్వుడ్ చెయ్యి చాపాడు. ఆవిడ పట్టుకుంది, వదల్లేదు.

"ఎల్వుడ్, ఇరవై ఏళ్లుగా నీతో మాట్లాడుతున్నాను. నా కారుని చెత్తబండి అన్నావు. నేను చేసిన పీచ్ పై తిని, ఇంత చక్కెర గుర్రాలకి పెడతారన్నావు. మా ఆయన పోయినప్పుడు అందరూ ఏదేదో చెప్తుంటే, నువ్వు మాత్రం గొయ్యి నిండా నీళ్లూరాయి, ఇంకో గంట ఆగమన్నావు. వాటిల్లో ఒక్కటీ నాకు తప్పు మాటగా తోచలేదు. నువ్వు నాతో అన్న తప్పు మాట ఇవాళ్టిదొక్కటే."

చెయ్యి వదిలేసి, కర్ర ఊతంతో మెట్లు దిగి వెళ్లిపోయింది.

మా ఆయన ముఖం మీద నవ్వు ఇంకా అలాగే ఉంది, తీయడం తెలియనట్టు. దానికి ఏం జవాబు చెప్పాలో చెప్పమని నావైపు చూశాడు. నేను చెప్పలేదు. ఇంటికి వెళ్లి గిన్నెలు సర్దుకోవడం మొదలుపెట్టాను, నావి మాత్రమే.